గిటార్ ఇంటోనేషన్: సాడిల్ స్క్రూ చేతిలో ఉన్నదెంత?

ఆరు తీగలనూ ట్యూనర్‌తో శ్రుతి చేశాక, నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర పట్టిన ఈ (E) మేజర్ కార్డ్ బాగానే ఉండి, అదే కార్డ్ ఆకారం తొమ్మిదో పదో ఫ్రెట్ దగ్గర బార్ వేసి పట్టేసరికి అపశ్రుతి పలికితే ఆ ఎలక్ట్రిక్ గిటార్‌కు ఇంటోనేషన్, అంటే నెక్ పొడవునా స్వరాలు సరిగ్గా పలకడం, చెడిందన్నమాట. దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే. 12వ ఫ్రెట్ నొక్కి చూడండి, స్వరం ఎక్కువుంటే సాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న దిమ్మను) వెనక్కి జరపండి, తక్కువుంటే ముందుకు తీసుకురండి. ఆ మాట తప్పేమీ కాదు. కానీ ఆ స్క్రూ ఏ ఫ్రెట్ దగ్గర ఎంత మార్పు తేగలదో చూసుకోకుండా తిప్పేవాళ్లే ఎక్కువ. నట్‌లోనో, పాతబడిన తీగలోనో, నెక్ వంపులోనో ఉన్న తప్పును సాడిల్ మీద సర్దబోతే ఇక్కడ తగ్గిన తేడా ఇంకో చోట తేలుతుంది.

ఫ్రెట్‌ల దూరాలన్నీ ఒకే నిష్పత్తి మీద పడతాయి. తీగ పొడవును 1.05946తో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి బ్రిడ్జి దాకా ఉండాల్సిన పొడవు వస్తుంది. దాన్ని మళ్లీ భాగిస్తే రెండోది. అలా పన్నెండుసార్లు భాగిస్తే సరిగ్గా సగం మిగులుతుంది. ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్ స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా లెక్క ప్రకారం తీగ పొడవు) 25.5 అంగుళాలు, అంటే 648 మి.మీ. కాబట్టి దాని 12వ ఫ్రెట్ నట్‌కు 324 మి.మీ. దూరంలో ఉంటుంది. ఈ లెక్క మొత్తం, తీగను నొక్కినా బిగుతు మారదన్న ఊహ మీద నిలబడింది. నిజంగా జరిగేది వేరు. ఫ్రెట్‌కు ఆనించేటప్పుడు వేలు తీగను కాస్త సాగదీస్తుంది, సాగిన తీగ బిగుస్తుంది, శ్రుతి ఎక్కుతుంది. దీనికి తోడు ఉక్కు తీగ సాడిల్ అంచు దగ్గర ఉన్నపళంగా ఒంగదు. ఆ కొసన బిరుసుగా నిలిచిపోతుంది కాబట్టి నిజంగా ఊగే పొడవు కొలిచిన పొడవుకన్నా తక్కువ. రెండు కారణాలూ స్వరాన్ని పైకే తోస్తాయి. అందుకే సాడిల్‌ను లెక్క చెప్పిన చోటికి కాస్త వెనకగా పెడతారు. సన్నటి ఈ (E) తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్లు సరిపోతుంది, మందపాటి ఈ (E) తీగకు నాలుగైదు దాకా కావాల్సి రావచ్చు.

వీణ మీద ఈ చిక్కు ఇంకో దారిలో తీరుతుంది. మేళం కట్టేవాళ్లు 24 మెట్లనూ మైనం మీద చెవితో వింటూ కూరుస్తారు, తేడా ఏ మెట్టు దగ్గరుంటే ఆ మెట్టునే జరుపుతారు. గిటార్ ఫ్రెట్‌ను ఫింగర్‌బోర్డులో గాడి కోసి దిగ్గొట్టేస్తారు. ఇక కదిలేది తీగ కొస ఒక్కటే, అదీ బ్రిడ్జి వైపే.

ఆరు తీగల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది జి. ఎందుకో చూడాలంటే నున్నటి తీగలు (పైన ఇంకో తీగ చుట్టనివి) మూడింటినీ, ఈ (E), బి, జిలను పక్కపక్కన పెట్టుకోవాలి. తీగ మందమైతే దాన్ని సాగదీయడానికి ఎక్కువ బలం కావాలి నిజమే, కానీ అదే శ్రుతికి తేవడానికి కావాల్సిన బిగుతూ అదే పాళ్లలో పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందువల్ల, నొక్కినప్పుడు సాగడం వల్ల శ్రుతి ఎంత ఎక్కుతుందన్నది నున్నటి తీగల్లో మందం మీద కాక, అది ఎంత కింది స్వరానికి శ్రుతి అయిందన్న దాని మీద ఆధారపడుతుంది. జి 196 హెర్ట్జ్, సన్నటి ఈ (E) 329.6 హెర్ట్జ్. ఈ రెండింటి వర్గాల నిష్పత్తి 2.8. అంటే ఒకే ఎత్తు నుంచి ఒకేలా నొక్కినా ఈ (E) తీగకన్నా జి తీగ దాదాపు మూడు రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. మందం వల్ల వచ్చే బిరుసు దీనికి అదనం. పక్కనున్న డి తీగ అంతకన్నా కింది స్వరమే అయినా ఇంత మొండికెయ్యదు, ఎందుకంటే అది చుట్టిన తీగ. 10-46 సెట్‌లో (అన్నిటికన్నా సన్నటిది 0.010, మందపాటిది 0.046 అంగుళం) నున్నటి జి 0.017 అంగుళం ఉంటుంది. డి మొత్తం మందం 0.026 అయినా లోపలి ఉక్కు తీగ జి కంటే సన్నం, పైన చుట్టింది బరువు కోసమే. అందుకే సరిగ్గా సెట్ చేసిన గిటార్ బ్రిడ్జి వైపు చూస్తే సాడిళ్లు మందపాటి ఆరో తీగ నుంచి మెట్లుమెట్లుగా ముందుకు వచ్చి, జి దగ్గర హఠాత్తుగా వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తాయి. ఆరూ ఒకే ఏటవాలులో చక్కగా వరసగా ఉన్నాయంటే అనుమానించాలి. చుట్టిన జి తీగ వాడే జాజ్ సెట్ అయితే మాత్రం అలా ఉండొచ్చు.

స్క్రూ బలం ఎక్కడి దాకా

648 మి.మీ. స్కేల్ మీద సాడిల్‌ను 0.37 మి.మీ. వెనక్కి జరిపి, ఓపెన్ తీగను (ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కని తీగను) మళ్లీ శ్రుతి చేస్తే 12వ ఫ్రెట్ స్వరం 1 సెంటు దిగుతుంది. రెండు పక్కపక్క ఫ్రెట్‌ల మధ్య తేడాలో నూరో వంతు సెంటు. ఇదే జరుపు మిగతా ఫ్రెట్‌ల మీద ఎలా పడుతుందో చూస్తే స్క్రూ స్వభావం తెలుస్తుంది. 12వ ఫ్రెట్ 10 సెంట్లు దిగేలా జరిపితే 19వ ఫ్రెట్ 20 సెంట్లు దిగుతుంది. 7వది 5 సెంట్లు, 5వది మూడుకు కాస్త పైన. మొదటి ఫ్రెట్ దిగేది 0.6 సెంటు మాత్రమే. మొదటి ఫ్రెట్ దగ్గర ఎక్కువున్న 5 సెంట్లను సాడిల్‌తోనే దించాలంటే దాన్ని 30 మి.మీ.కు పైగా వెనక్కి లాగాలి. ఏ బ్రిడ్జిలోనూ అంత చోటుండదు, ఉన్నా 12వ ఫ్రెట్ 80 సెంట్లకు పైగా దిగిపోయి పనికిరాకుండా పోతుంది.

రోగం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి కూడా ఈ లెక్కలోనే ఉంది. తేడా నెక్ మీద పైకి పోయేకొద్దీ పెరుగుతుంటే అది సాడిల్ పని. మొదటి మూడు ఫ్రెట్‌ల దగ్గర స్వరం ఎక్కువుండి, 12 దగ్గర సరిపోతుంటే అది నట్ పని. అనుమానం తీరకపోతే మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) పెట్టి, మళ్లీ శ్రుతి చేసి, అంతకుముందు తేడా వినిపించిన ఫ్రెట్‌లను చూడాలి. తేడా మాయమైతే నట్ గాడి ఎత్తుగా ఉందన్నమాట. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర తేడా ఉండి దాని పక్కవి బాగుంటే ఆ ఫ్రెట్ అరుగుదలను చూడాలి. ఫ్రెట్ తల గుండ్రంగా ఉన్నంతకాలం తీగ మధ్యలో ఆనుతుంది. అరిగి చదునైతే బ్రిడ్జి వైపు అంచు నుంచి ఊగడం మొదలవుతుంది. ఆ ఆనే చోటు అర మిల్లీమీటరు జరిగితే చాలు, 12వ ఫ్రెట్‌లో రెండున్నర సెంట్లకు పైగా తేడా వస్తుంది.

స్క్రూ ముట్టుకునే ముందు

మొదట కొత్త తీగలు. పాత తీగ అడుగున ఫ్రెట్‌లు తగిలిన చోటల్లా నొక్కులు పడి, చెమటా తుప్పూ పట్టి, బరువు పొడవునా ఒకేలా ఉండదు. అలాంటి తీగకు సరైన సాడిల్ స్థానమంటూ లేదు, వెతికినా దొరకదు. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలికి కోటింగ్ లేని తీగలు త్వరగా ఈ గతికొస్తాయి. ఇకమీదట వాడబోయే సెట్‌నే వేసి, ఒక్కో తీగను చేత్తో పైకి లాగి సాగదీసి, శ్రుతి దిగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ బిగించాలి.

తర్వాత నెక్ వంపు. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, ఆరో తీగను చిట్టచివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 7వ లేదా 8వ ఫ్రెట్ తలకూ తీగ అడుగుకూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చాలి. 0.25 మి.మీ. దగ్గర్లో ఉంటే మామూలు వాయింపుకు సరిపోతుంది. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలుండి దాని వంపును సరిచేసే కడ్డీని) ఒకసారికి పావు చుట్టు మించకుండా బిగించి, మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. వానాకాలంలో చెక్క తేమ పీల్చినప్పుడు ఒక కొలత, ఎండాకాలంలో ఇంకో కొలత వస్తుంది కాబట్టి ఇది ఒకసారి చూసి వదిలేసేది కాదు. ఆ తర్వాత తీగల ఎత్తు, అంటే యాక్షన్. 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మి.మీ. చాలా గిటార్లకు నడిచే కొలత. ఎత్తు పెరిగితే నొక్కినప్పుడు సాగేదీ పెరుగుతుంది. అందుకే ఇంటోనేషన్ చేశాక యాక్షన్ మార్చితే చేసిన పని మళ్లీ మొదటికొస్తుంది.

నట్ గాడిని చూడటానికి తీగను 2, 3 ఫ్రెట్‌ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఉన్న సందును చూడాలి. పల్చటి కాగితం దూరేటంత ఉండాలి, అంతే. విజిటింగ్ కార్డు సులువుగా దూరిపోతోందంటే మొదటి ఫ్రెట్‌ల స్వరాలు ఎక్కువున్నాయని ట్యూనర్ చూడకుండానే చెప్పొచ్చు. గాడిని తీగ మందానికి తగిన నట్ ఆకురాయితోనే దించాలి, అదీ హెడ్‌స్టాక్ వైపు వాలుగా, తీగ ఫింగర్‌బోర్డు వైపు అంచున గట్టిగా ఆనేలా. వాలు తప్పి తీగ గాడి వెనక భాగంలో ఆనితే ఓపెన్ తీగ పొడవు పెరిగినట్టవుతుంది, అప్పుడు నొక్కిన స్వరాలన్నీ ఎక్కువ పలుకుతాయి. ఓపెన్ తీగ సితార్‌లా జుయ్‌మనడం దీనికి గుర్తు. రెండు రాపిడులు ఎక్కువైతే ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు కొట్టుకుంటుంది, నట్ మార్చాల్సి వస్తుంది. చేయి తిరగనివాళ్లు ఈ ఒక్క పనినీ రిపేరు చేసేవాళ్లకు వదిలేయడం మంచిది.

ఇక పికప్‌లు, అంటే తీగ కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంత భాగాలు. అయస్కాంతం ఉక్కు తీగను లాగుతుంది. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్ మరీ ఎత్తుగా ఉంటే, ముఖ్యంగా నెక్ పికప్, మందపాటి తీగల పై ఫ్రెట్‌లలో ఒకే స్వరం రెండుగా చీలి కొట్టుకుంటున్నట్టు వినిపిస్తుంది. ట్యూనర్ ముల్లు ఎక్కడా నిలవదు. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగకూ పికప్ పోల్‌కూ మధ్య మందపాటి తీగల వైపు సుమారు 2.4, సన్నటి తీగల వైపు 2 మి.మీ. ఉండేలా దించాలి. ఈ సంగతి తెలియక సాడిల్‌ను చివరిదాకా లాగి, బ్రిడ్జి బాగాలేదని నిందించేవాళ్లు చాలామంది.

సాడిల్ జరిపే తీరు

గిటార్‌ను టేబుల్ మీద పడుకోబెట్టి కాదు, వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని చూడాలి. పడుకోబెడితే నెక్ బరువు పడే తీరు మారి, స్వరం కొద్దిగా కదులుతుంది. స్ట్రోబ్ ట్యూనర్ సెంటులో పదో వంతు దాకా చూపిస్తుంది. మామూలు క్లిప్ ట్యూనర్ ఒకటి రెండు సెంట్ల తేడాను పచ్చదీపం వెనక దాచేస్తుంది. కేబుల్‌తో కలిపేదైతే నెక్ పికప్ పెట్టి, టోన్ నాబ్ తగ్గిస్తే ముల్లు నిలకడగా ఉంటుంది. మీటిన మొదటి క్షణంలో స్వరం ఎప్పుడూ కాస్త ఎక్కే ఉంటుంది. అది స్థిరపడ్డాకే చదవాలి, ప్రతిసారీ ఒకే బలంతో మీటాలి. నొక్కడం కూడా వాయించేటంత బలంతోనే ఉండాలి. జంబో ఫ్రెట్‌ల మీద వేలిని బలంగా అదిమితే జి తీగ ఎన్ని సెంట్లయినా ఎక్కుతుంది, అలా చూసి జరిపిన సాడిల్ పాటలో తప్పే పలికిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు ఫెండర్ చెప్పే పద్ధతి పనికొస్తుంది. మొదటి తీగ సాడిల్‌ను నట్ నుంచి సరిగ్గా స్కేల్ పొడవు దగ్గర పెట్టాలి. రెండోదాన్ని ఆ తీగ మందమంత వెనక్కి, మూడోదాన్ని రెండోదాని నుంచి తన మందమంత వెనక్కి జరపాలి. నాలుగోదాన్ని రెండోదానికి సమానంగా ఉంచి, ఐదు, ఆరు తీగలవి మళ్లీ ఒక్కో మందం చొప్పున వెనక్కి పెట్టాలి. ఇది మొదలు మాత్రమే, చివరికి చాలా తీగలు ఇంకా వెనక్కే పోతాయి.

తర్వాత ఓపెన్ తీగను శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ నొక్కి చూడాలి. ఆరో తీగ 8 సెంట్లు ఎక్కువ చూపించిందనుకుందాం. 8ని 0.37తో గుణిస్తే సుమారు 3 మి.మీ. అంగుళానికి 40 మరలున్న స్క్రూ ఒక చుట్టుకు 0.635 మి.మీ. కదులుతుంది, అంటే ఐదు చుట్లకు కాస్త తక్కువ. ఎం3 స్క్రూ అయితే చుట్టుకు 0.5 మి.మీ., ఆరు చుట్లు. ఈ లెక్క ముందే వేసుకుంటే అర చుట్టు తిప్పి చూడటం, మళ్లీ అర చుట్టు తిప్పి చూడటం అనే తంతు తప్పుతుంది. తిప్పే ముందు తీగను రెండు మూడు ఫ్రెట్‌లంత శ్రుతి దించాలి. బిగుతు మీద సాడిల్‌ను లాగితే స్టార్ స్క్రూడ్రైవర్ జారి స్క్రూ తల అరుగుతుంది, సన్నటి తీగ తెగినా తెగుతుంది. సాడిల్ వెనక్కి పోయినప్పుడు, అంతకుముందు దాని మీద ఒంగి ఉన్న మడత ఇప్పుడు ఊగే భాగంలోకి వస్తుంది. అందుకే శ్రుతికి తెచ్చాక సాడిల్‌కు ముందు తీగను బొటనవేలితో మెల్లగా కిందికి ఒత్తాలి. కొత్త వంపు స్పష్టంగా ఏర్పడుతుంది, శ్రుతి కొద్దిగా దిగుతుంది. మళ్లీ శ్రుతి చేసి అప్పుడు చూడాలి. ఇది చేయకపోతే వాయించడం మొదలుపెట్టిన గంటకల్లా కొలత మారిపోతుంది.

12వ ఫ్రెట్ దగ్గరి హార్మోనిక్‌తో (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరంతో) పోల్చినా, ఓపెన్ తీగతో పోల్చినా పెద్ద తేడా రాదు. 19వ ఫ్రెట్‌ను మాత్రం అదే చోటి హార్మోనిక్‌తో సరిపోల్చి సమానం చేయబోకూడదు. ఆ హార్మోనిక్ సహజ పంచమం, గిటార్ ఫ్రెట్‌ల లెక్క కంటే 2 సెంట్లు ఎక్కువ. నొక్కిన స్వరం దానికన్నా 2 సెంట్లు తక్కువుంటేనే సరి.

స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ ట్యూన్-ఓ-మ్యాటిక్ బ్రిడ్జి రెండూ 1954లోనే బయటికొచ్చాయి. ఆరు తీగలకు ఆరు సాడిళ్లు, ఒక్కోదానికి ఒక స్క్రూ, కాబట్టి వీటితో తంటా తక్కువ. ట్యూన్-ఓ-మ్యాటిక్‌లో దారి పొట్టి. సాడిల్ చివరికి వచ్చి ఆగిపోతే దాన్ని తీసి వెనక్కి తిప్పి బిగిస్తే తీగ ఆనే అంచు మారి, ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. పాత తరహా టెలికాస్టర్‌లో మూడే సాడిళ్లు, రెండేసి తీగలకు ఒకటి. డి, జి ఒకే సాడిల్ మీద ఉంటాయి, డి ముందుకు రావాలి, జి వెనక్కి పోవాలి. నిటారు సాడిల్‌తో ఈ ఇద్దరినీ తృప్తిపరచడం సాధ్యం కాదు. ఏటవాలుగా రంధ్రం వేసిన ఇత్తడి సాడిళ్లు కొని వేసుకోవడమే తెలివైన పని, లేదా తేడాను రెండు తీగలకూ చెరి సగం పంచాలి. తీగలను రెండు కొసలా బిగించి, స్ప్రింగుల మీద ఊగే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జిలో తిప్పి జరిపే స్క్రూయే ఉండదు. నట్ దగ్గరి బిగింపులు విప్పి, తీగ వదులు చేసి, ఆలెన్ కీతో సాడిల్ స్క్రూను సడలించి చేత్తో జరపాలి. ఒక తీగ వదులైతే బ్రిడ్జి వెనక్కి వాలి మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి కాబట్టి, ముందుగా గిటార్ వెనక గుంటలో బ్రిడ్జి దిమ్మెకు నెక్ వైపున చెక్కముక్క పెట్టి అది వెనక్కి వాలకుండా చేసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒక తేడా మిగులుతుంది. తంబూర శ్రుతికి అలవాటైన చెవి అంతర గాంధారాన్ని షడ్జంతో 5:4 నిష్పత్తిలో, అంటే 386 సెంట్ల దగ్గర ఆశిస్తుంది. గిటార్ ఫ్రెట్ దాన్ని 400 దగ్గర ఇస్తుంది. ఈ (E) మేజర్ కార్డ్‌లో ఆ గాంధారం జి తీగ మొదటి ఫ్రెట్ మీదే పడుతుంది. మొండి తీగ, నట్ పక్క ఫ్రెట్, పైగా 14 సెంట్ల సహజమైన తేడా, మూడూ ఒకే చోట కలుస్తాయి. ఆ కార్డ్ కోసం జి తీగను కాస్త దించి వాయించేవాళ్లున్నారు. జి మేజర్‌కు రాగానే అదే తీగ ఓపెన్‌గా మోగి శ్రుతి దిగినట్టు పట్టిచ్చేస్తుంది. రికార్డింగ్‌లో ఒకే కార్డ్ వరస ఉన్న భాగానికైతే అది పనికొచ్చే ఉపాయమే.

12వ ఫ్రెట్‌లో ఒకటి రెండు సెంట్లలోపు వస్తే అక్కడితో ఆపొచ్చు. సెట్ 9-42 నుంచి 10-46కు మారినా, అర్ధస్వరం దించి వాయించడం మొదలుపెట్టినా నెక్ వంపు నుంచి మళ్లీ చూసుకోవాలి. ట్యూనింగ్‌ను సి దాకా దించి అదే సన్నటి సెట్‌తో నెట్టుకొస్తుంటే ఆరో తీగ సాడిల్ వెనక్కి చివరిదాకా పోయినా స్వరం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే వదులైన తీగ ప్రతి నొక్కుకూ ఎక్కువ పాళ్లలో బిగుస్తుంది. అప్పుడు సాడిల్ వెనకున్న స్ప్రింగ్‌ను కత్తిరించి ఇంకో మిల్లీమీటరు సంపాదించొచ్చు. అంతకన్నా ముందు 0.052 లేదా 0.056 తీగ వేసి చూడాలి, నట్ గాడి దానికి తగ్గట్టు వెడల్పు చేయించాకే.